సగం బంగ్లా కాడ రెబెక్క పిలిచిన దెయ్యం

మేడ్చల్ నుంచి శామీర్‌పేట పోయే దారిలో, ఒక మందుల కంపెనీ వెనక, సగం కట్టి వదిలేసిన బంగ్లా ఉంది. మా దిక్కు దాన్ని సగం బంగ్లా అనే అంటారు. స్లాబు పోసిన రాత్రే ఓనరు పోయాడని కొందరు... కాదు, వాచ్‌మన్ భార్య పోయిందని కొందరు. పోయిందెవరో ఎవరికీ తెల్వదు. ఎవరో పోయారన్నది మాత్రం అందరికీ తెలుసు!

పొద్దుగూకితే అటు కుక్కలు కూడా పోవు. బండి మీద పోయేవాళ్లు హారన్ కొట్టుకుంటూ పోతారు — ఎదురుగా మనిషి లేకున్నా. దాన్ని దాటితే రొమ్ము మీద ఏదో కూర్చుంటదని చెప్పుకుంటారు.

నేను మచ్చ బొల్లారంలో చర్చి పెద్దను. ప్రభువును నమ్మినవాణ్ణి, చీకటి ఉన్నదని కూడా నమ్ముతాను. కానీ ఈ కథలో నా పాత్ర అంత గొప్పగా చెప్పుకునేది కాదు. అయినా చెప్తాను. దగ్గరికి జరగండి.

రెబెక్క మా చర్చి మనిషి. నలభై దాటాయి. ఆ మందుల కంపెనీలోనే ప్యాకింగు పని. భర్త ఎలీషా షేర్ ఆటో నడుపుతాడు. రాత్రి పూట షిఫ్టు దిగితే మెయిన్ రోడ్డు చుట్టు తిరిగి రావాలి... లేదంటే సగం బంగ్లా లోపలి నుంచి అడ్డం పడాలి. రెబెక్క అడ్డం పడే రకం.

రెండేండ్ల కింద ఒక రాత్రి. బంగ్లా దాటి రోడ్డెక్కిందో లేదో — గుండె ఉరికింది.

దడ కాదది. ఉరుకుడే. గొంతులో కొట్టుకుంటున్నది, చెవుల్లో కొట్టుకుంటున్నది, మీది కొంగు అదురుతున్నది. ఒళ్లంతా చెమట. కళ్లకు మసక. అట్లా పావుగంట... ఆ తర్వాత ఎవరో స్విచ్చి బంద్ చేసినట్టు, టక్కున ఆగిపోయింది.

మొదట నెలకోసారి. తర్వాత వారానికోసారి. ఎక్కువసార్లు అక్కడే.

ఎలీషా ఆటోలో వేసుకొని దవాఖానకు ఉరికేవాడు. వాళ్లు పోయేసరికి అది పోయేది. ఈసీజీ తీస్తే సాఫ్. "గ్యాసు," అన్నాడు ఒక డాక్టరు. "టెన్షనమ్మా. భయం తగ్గించుకో, ఎక్కువ ఆలోచించకు," అన్నాడు ఇంకొకాయన.

రెబెక్కకు మండింది. "నేనేం ఆలోచిస్తున్న సారూ? పొద్దందాక డబ్బాలల్ల గోలీలు పెట్టేదానికి ఆలోచనెక్కడిది?"

ఆయన నిద్ర గోలీలు రాసి పంపాడు.

ఇగ ఒక ఆదివారం... చర్చిలో. మోకాళ్లూని, నొసలు నేలకు ఆనించి ప్రార్థన చేస్తున్న మనిషి లేవలేకపోయింది. రొమ్ము పట్టుకొని పక్కకు ఒరిగింది. ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ప్రార్థనలోనే వచ్చిందంటే — సగం బంగ్లాది వెంట వచ్చినట్టే!

చుట్టూ చేరి నెత్తిన చేతులు పెట్టాము. గద్దించాము. "పో... ఈమెను విడిచి పో..." అందరికంటే పెద్ద గొంతు నాదే. పావుగంటకు అది టక్కున ఆగింది. మేము స్తోత్రం చెప్పుకున్నాము.

రెబెక్క లేచి కొంగు సర్దుకున్నది. నా దిక్కు చూసింది.

"పెద్దన్నా, మీరు గద్దించినా పావుగంటే, గద్దియ్యకున్నా పావుగంటే. నేను గోడ గడియారం సూస్తనే ఉన్న."

ఆ రోజు నుంచి ఆమె పక్కన కూర్చోవడానికి జనం వెనకాడారు. పిల్లల్ని అటు పోనియ్యలేదు. నేను చూసి కూడా ఊరుకున్నాను.

రెబెక్క ఊరుకోలేదు. సికింద్రాబాద్‌లో గుండె డాక్టరమ్మ ఉన్నదంటే పోయింది. పేరు అశ్రిత. చిన్న వయసు. మొత్తం విని, మధ్యలో ఒక్కసారి కూడా 'టెన్షన్' అనలేదట.

"వచ్చినప్పుడే దాన్ని కాగితం మీద పట్టాలి. లేకపోతే నేను కూడా చీకట్లో రాయి వేసినట్టే," అని, రొమ్ముకు వైర్లు అంటించి, నడుముకు చిన్న డబ్బా కట్టింది. హోల్టర్ అంటారు. ఇరవై నాలుగు గంటలు గుండె ప్రతి దెబ్బా రాసుకుంటుంది. "వస్తే ఈ బటన్ నొక్కండి. ఏ టైముకు ఏం చేస్తున్నారో చీటీలో రాయండి. రేపు పొద్దున మిషిన్ ఇచ్చేయాలి, ఇంకో పేషెంటు ఉన్నారు."

పగలంతా రాలేదు. సాయంత్రమూ రాలేదు. రాకపోతే రేపు మళ్లీ సాఫ్ కాగితం. మళ్లీ టెన్షన్, మళ్లీ దెయ్యం.

"ఆటో తియ్యి," అన్నది రెబెక్క. "సగం బంగ్లాకు."

ఎలీషా అన్నం ముద్ద పళ్లెంలోనే వదిలాడు. "పిచ్చి లేసిందా? మంది దెయ్యం పోవాలని మొక్కుతరు. నువ్వు రమ్మని పిలువ పోతవా?"

"అది రాకుంటె నేనే పోత. జల్దీ నడువు."

"నేను లోపలికి రాను మరి."

"నిన్నెవడు రమ్మన్నడు? ఆటోల కూసొని ప్రార్థన జేస్కో. నీ పెండ్లాం కోసం గాదు — ఆ దెయ్యం కోసం జెయ్యి!"

ఎనిమిదీ ఇరవై. చెరువు దిక్కు నుంచి గాలి. చెక్కలు లేని కిటికీలు... తుప్పు పట్టిన చువ్వలు పైకి చేతులెత్తినట్టు.

రెబెక్క నడి హాలులో నిలబడ్డది. నడుము దగ్గర డబ్బా లైటు — ఆకుపచ్చగా — వెలుగుతూ, ఆరుతూ.

"వచ్చిన..." మెల్లగా అన్నది. "ఏడున్నవ్?"

ఏమీ లేదు.

అప్పుడు... పైనుంచి... టప్. టప్. టప్.

మీరైతే ఏం చేసేవాళ్లో గానీ, నేనైతే శామీర్‌పేట దాకా ఉరికేవాణ్ణి. రెబెక్క మెట్లెక్కింది. చీకట్లో తెల్లగా ఏదో లేచింది... పడ్డది... మళ్లీ లేచింది.

సిమెంటు బస్తా. గాలికి కొట్టుకుంటున్నది.

రొమ్ము మీద చెయ్యి పెట్టుకొని చూసుకున్నది. గుండె తాపీగా నడుస్తున్నది. ఆమెకు ఏడుపొచ్చింది — భయంతో కాదు, కోపంతో.

"రెండేండ్లు ఎంటపడ్డవ్ గదా! ఇయ్యాల నేనే పిలుస్తె సిగ్గయితాందా నీకు?"

రోడ్డు మీది నుంచి ఎలీషా గొంతు, సన్నగా: "రెబెక్కా... వచ్చిందా?"

"రాలే!"

"అయితే పోదాం పా..."

దిగి వెనక గేటు దిక్కు నడిచింది. ఆ గేటుకు నడుమెత్తున ఇనుప పైపు అడ్డంగా వెల్డింగు చేసి ఉంటుంది. రోజూ పోయినట్టే దాని కిందికెల్లి వంగి, అవతల లేచి నిలబడ్డది —

వచ్చింది!

ఒక్క ఉరుకున వచ్చింది. గొంతులోకి, చెవుల్లోకి. కాళ్లు తేలిపోతున్నాయి. రెబెక్క పైపు పట్టుకొని నేల మీద కూలబడి, బటన్ నొక్కి... నవ్వింది.

ఎలీషా ఒక్క చెప్పుతో ఉరికొచ్చాడు. "ఏమైంది? ఏమైందే?"

"పరేషాన్ గాకు... వచ్చింది." ఊపిరి అందక, మాట మాటకూ ఆగుతూ అన్నది. "జర సేపు ఉండనీ... మిషిన్‌ల పడనీ..."

ఆ రాత్రి మా ఊళ్లలో ఎంతమంది దెయ్యం పోవాలని కోరుకున్నారో గానీ, ఉండమన్నది ఈమె ఒక్కతే.

తెల్లారి డాక్టరమ్మ కాగితాలు పరిచింది.

"ఎనిమిదీ ఇరవై నుంచి ముప్పై ఐదు దాకా ఎక్కడున్నారు?"

"దెయ్యాల కొంపల," అన్నాడు ఎలీషా.

ఆమె అతణ్ణి చూసి, మళ్లీ కాగితం చూసింది. "గుండె నిమిషానికి ఎనభై రెండు. మెట్లెక్కానని మీరు చీటీలో రాసిన దగ్గర తొంభై ఆరు. మామూలు మనిషి లెక్కే. మీకు భయం లేదా?"

"టైం లేకుండె మేడం."

"ముప్పై ఆరుకు ఒక్క దెబ్బతో నూట తొంభై ఎనిమిది. భయమైతే మెల్లగా పెరుగుతుంది, ఇట్లా దూకదు. ఆ నిమిషం ఏం చేశారు?"

"ఏం జెయ్యలే. పైపు కిందికెల్లి వంగి వచ్చిన..." రెబెక్క ఆగింది. "చర్చిల గూడ... వంగిన."

"అదే. గుండెలో కరెంటు నడవడానికి ఒక దారి చాలు. మీకు పుట్టుకతోనే ఇంకో దారి ఉన్నట్టుంది. వంగి లేస్తే ఒక్కోసారి కరెంటు అందులో పడి గిరగిరా తిరుగుతోంది. కొందరికి ఇది పెద్దయ్యాకే బయటపడుతుంది. ఆ రెండో దారిని కాల్చేయొచ్చు."

రెబెక్క మొదట జబ్బు సంగతి అడగలేదు. "గా ఎనభై రెండున్న కాయితం నాకు జిరాక్స్ ఇయ్యుండ్రి," అన్నది.

ఆ జిరాక్స్ నేరుగా మా ఇంటికొచ్చింది. "సదువు పెద్దన్నా. దెయ్యాల కొంపల నిలవడ్డ నా గుండె ఇది. మనందరి ముంగట సదువాలె." ఆదివారం చదివాను. చదివి, నన్ను క్షమించమని అందరి ముందు ఆమెను అడిగాను. "సరే తియ్యి," అన్నది గానీ, ముందు వరసలో నా పక్కనే వచ్చి కూర్చున్నది.

తర్వాతి నెలలో ఆపరేషన్. కోత లేదు. తొడ దగ్గరి నరంలోంచి సన్నటి వైరు గుండె దాకా పంపుతారట. పూర్తిగా మత్తు కూడా ఇవ్వరట. లోపల జరిగింది రెబెక్క చెప్పినట్టే చెప్తున్నాను.

"ముందు దాన్ని మేమే రప్పిస్తాం," అన్నది డాక్టరమ్మ. "ఎక్కడుందో చూసి కాలుస్తాం. మళ్లీ రప్పించి చూస్తాం."

పిలిచారు. ఎంటనే వచ్చింది — అదే ఉరుకుడు, అదే గొంతులో కొట్టుకునుడు. దొరికింది. ఆపారు. కాల్చారు.

మళ్లీ పిలిచారు.

...రాలేదు.

మందు ఎక్కించి రెచ్చగొట్టి పిలిచారు. రాలేదు. మిషిన్ ఒక్కటే తాపీగా... టిక్... టిక్... టిక్...

"ఇక రాదనుకుంటా," అన్నది డాక్టరమ్మ.

నీలం గుడ్డ కింది నుంచి మత్తుమత్తుగా ఒక గొంతు లేచింది.

"ఇంకోసారి పిలువుండ్రి మేడం... జర గట్టిగ. చెవిటిదేమో!"