సపోటాల పెట్టెకు కాపలా

నాకు అన్నిటికంటే పెద్ద భయం ఒకటే. మా మావయ్యగారు తినడం మానేస్తారేమోనని.

ఆయన మా తొందరమ్మకు తాతయ్య. తొందరమ్మ అంటే మా అమ్మాయి. బడిలో వేరే పేరుంది గానీ ఇంట్లో మాత్రం ఇదే. తలుపు పూర్తిగా తెరుచుకునేదాకా కూడా ఆగదు, సందులోంచే దూరిపోతుంది.

తాతయ్యకు జ్వరం తగ్గింది గానీ నోటికి రుచి తిరిగి రాలేదు. ఆ మధ్యాహ్నం కూడా కంచం వెళ్లింది వెళ్లినట్టే వెనక్కి వచ్చింది. నేను వంటింటికీ ఆయన గదికీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను.

"సపోటా పండయితే తినాలనుందమ్మా," అన్నారాయన, గోడవైపు చూస్తూనే.

ఆ మాట చాలు. నేను సంచీ తీసేలోపే తొందరమ్మ చెప్పులు వేసుకుని వీధిలో ఉంది.

బజారులో పండ్లామె దగ్గర ఉన్నవన్నీ రాళ్లలా గట్టిగా ఉన్నాయి. ఒక కాయ తొక్కను గోటితో సన్నగా గీరాను. లోపల పచ్చగా కనిపించింది. దాన్ని పక్కన పెట్టేశాను.

"అన్నిటినీ అలా గీరితే ఎట్లా తల్లీ? రేపు నా దగ్గర కొనేదెవరు?" అంది పండ్లామె.

"ఇంకొక్కటే అక్కా!" అని ఇంకోటి గీరి, తొందరమ్మకు చూపించాను. "ఇదిగో, ఇది పచ్చగా లేదు చూడు. గోధుమరంగులో ఉంది. అంటే ముదిరిన కాయ. ఇదైతే ఇంట్లో పండుతుంది. లేతది ఎన్నాళ్లుంచినా వడలిపోతుందే తప్ప తియ్యనవదు."

ఇంటికొచ్చి అట్టపెట్టెలో పేపరు పరిచాను. కాయలు ఒక వరుస పేర్చి, పైన ఇంకో పేపరు వేసి, దాని మీద మరో వరుస పేర్చాను. మధ్యలో బాగా పండిన అరటిపండు పెట్టాను.

"అరటిపండెందుకమ్మా?"

"అది పక్కనుంటే ఇవి త్వరగా పండుతాయి."

"ఎందుకని?"

"నాకేం తెలుసే? నా చదువు మధ్యలోనే ఆగిపోయింది. మీ టీచర్ని అడుగు. పండటం మాత్రం ఖాయం. నువ్వే కాపలా. మూత తియ్యకు, నేను చూస్తుంటాను."

తొందరమ్మ తలూపింది. ఊపిన తల ఆగకముందే, "ఇప్పుడు పండి ఉంటాయా?" అంది.

లోపల్నుంచి తాతయ్య నవ్వారు. "పెట్టె మీద కోడిలా కూర్చోవే. పిల్లలవుతాయి!"

ఆ తర్వాత దానికి కాలు నిలవలేదు. బడి నుంచి వస్తే బూట్లయినా విప్పకుండా పెట్టె దగ్గరికే. హోంవర్కులో ఒక లెక్క చేస్తే ఒకసారి, మంచినీళ్లు తాగితే ఒకసారి. నేను అటు తిరిగితే చాలు, మూత తీసి బొటనవేలితో ఒక్కో కాయనూ నొక్కి చూసేది.

ఓ సాయంత్రం నేను మేడ మీద బట్టలు తీస్తున్నాను. కిందికొచ్చేసరికి తాతయ్య ముఖం అదోలా ఉంది. చేతిలో సపోటా ముక్క ఉంది. పెదవులు ఒకదానికొకటి అతుక్కుపోయాయి.

"మెత్తగా ఉందమ్మా! నేనే కోసిచ్చాను," అంది తొందరమ్మ, గొంతు సన్నగా చేసి.

పచ్చి సపోటా జిగురు సంగతి మీకు తెలుసా? నోరంతా వగరు. పెదవులకు బంక రాసినట్టుంటుంది. నూనె రాసి తుడిచాను.

తాతయ్య కంచం పక్కకు జరిపారు. "ఇక వద్దమ్మా. నాకేమీ తేవద్దు."

ఆ రాత్రికి పాలు కూడా ముట్టలేదు.

పెట్టె తెరిచి చూశాను. పై వరుసలో ప్రతి కాయకూ బొటనవేలంత సొట్ట. కొన్ని సొట్టలు అప్పుడే నల్లబడ్డాయి.

"నొక్కితే మెత్తగానే ఉందిగా!" అంది తొందరమ్మ ఏడుస్తూ.

"నువ్వు రోజూ నొక్కిన చోటే మెత్తబడింది తల్లీ. పక్కన చూడు, ఇంకా రాయే."

అది కాయను తిప్పి చూసింది. ముక్కు తుడుచుకుని అడిగింది, "తాతయ్య ఇంకేమీ తినరా?"

వరుసల మధ్య పేపరు ఎత్తి కింది వరుస చూశాను. అక్కడిదాకా దాని వేలు పోలేదు. ఆ కాయలు బాగానే ఉన్నాయి. మళ్లీ కప్పేశాను.

"ఇప్పుడు నేనేం చెయ్యాలమ్మా?"

"ఏమీ చెయ్యకూడదు."

అంతకంటే కష్టమైన పని దానికి ఎవరూ చెప్పి ఉండరు. మర్నాడు పెట్టె వైపు నాలుగడుగులు వేసింది, ఆగింది, వెనక్కి తిరిగింది. పుస్తకాలు తీసుకుని తాతయ్య మంచం పక్కకు చేరింది. చేతులు ఊరుకోవుగా!

"తాతయ్యా, కాళ్లు నొక్కనా?"

"నొక్కవే. నేనైతే నల్లబడను," అన్నారాయన.

ఇద్దరూ నవ్వారు. సందు చూసుకుని నేను పాల గ్లాసు అందించాను. సగం తాగారు.

అలా రోజూ బడి కబుర్లు, కాళ్లు నొక్కడం. ఒక మధ్యాహ్నం తాతయ్యే తలెత్తారు. "ఏదో తియ్యటి వాసన వస్తోందే?"

తొందరమ్మ లేచి నిలబడింది. పరిగెత్తలేదు. "అమ్మా, నువ్వు చూడవా?" అని పిలిచింది.

పండాయి! ఒకటి కోసి, నల్ల గింజలు తీసి, చెంచాతో ఇచ్చాను. తాతయ్య కళ్లు మూసుకుని నమిలారు. ఆయన చెయ్యి చాపారు, ఇంకో ముక్క కోసం.

మిగిలిన పండ్లను తొందరమ్మ గుడ్లు పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని ఫ్రిజ్‌లో పెట్టింది. ఇంకా గట్టిగా ఉన్నవాటిని పెట్టెలోనే ఉంచి మూత వేసి, మళ్లీ తాతయ్య దగ్గరికి వెళ్లి కూర్చుంది.

పిల్లలూ, మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఒంట్లో బాగాలేక పడుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఈ కథ ఇక్కడ పక్కన పెట్టి, ఏమైనా తిన్నారో లేదో ఒక్కసారి చూసి రండి. తలుపు మాత్రం మెల్లగా తియ్యండి.