పై విషయమై తమకు మనవి

"మేడమ్, ఒక డౌటు. ఆయన నాకు డియర్ ఎలా అవుతాడండీ?"

క్లాసు మొత్తం వెనక్కి తిరిగింది. బోర్డు మీద 'డియర్ సర్' అని రాసి కామా పెట్టబోతున్న ఆమె చెయ్యి గాల్లోనే ఆగింది.

"ఎవరు?"

"మా ఇంజినీరు. నిన్ననే నన్ను పదిమందిలో నిలబెట్టి కడిగేశాడు. అలాంటాయనకి లీవ్ లెటర్ రాస్తూ డియర్ అంటే నాకే నవ్వొస్తోంది."

ముందు బెంచీలో కూర్చున్న ఆసుపత్రి నర్సమ్మ కిసుక్కుమంది. మేడమ్ మాత్రం నవ్వలేదు. ఆ పూట నవ్వేసి ఉంటే ఈ గొడవంతా ఉండేదే కాదు. నవ్వని వాళ్ళని నవ్వించేదాకా వదలకూడదనే పాడు బుద్ధి మనవాడికి పుట్టుకతోనే ఉంది.

"అది పలకరింపు. ప్రేమ కాదు," అంది ఆమె. "ఫార్మల్ లెటర్లో ఆ మాటకి అర్థమేమీ ఉండదు."

"అర్థం లేనప్పుడు రాయడమెందుకండీ?"

"మర్యాదకి. కూర్చోండి."

కూర్చున్నాడు. కూర్చున్నాడే గానీ, ఆ సాయంత్రం బోర్డు మీద ఆ తర్వాత ఏం రాశారని అడిగితే మాత్రం చెప్పలేడు.

మనవాడు లిఫ్టు మెకానిక్. క్లాసులో అందరూ వాణ్ణి 'లిఫ్టు' అనే పిలిచేవారు. కంపెనీలో సూపర్‌వైజర్ కావాలంటే ఇంగ్లీషు టెస్టు పాసవ్వాలి. ఒక ఫార్మల్ లెటరు, ఒక ఇన్‌ఫార్మల్ లెటరు రాయాలి, అంతే. అంతే అని మనం అంటాం గానీ, అక్కాబావల ఇంట్లో ముందుగదిలో మడతమంచం మీద పడుకునేవాడికి అది కొండంత. అందుకే కళ్ళజోళ్ళ షాపు పైనున్న ఈ ట్యుటోరియల్లో చేరాడు.

ట్యుటోరియల్ మాస్టారిది. సర్వీసంతా ఒక పెద్ద ఆఫీసులో లెటర్లు డ్రాఫ్ట్ చేసి రిటైరైన మనిషి. ఆయన గ్రామర్ చెప్తాడు, కూతురు, అంటే ఈ మేడమ్, లెటర్లు చెప్తుంది.

ఫార్మల్ లెటరు మనవాడికి ఇట్టే పట్టుబడింది. పైన మన అడ్రసు, దాని కింద తేదీ, తర్వాత అవతలివాళ్ళ అడ్రసు, సబ్జెక్టు, విషయం, అట్టడుగున సంతకం. ఏ అంతస్తులో ఉండాల్సింది ఆ అంతస్తులో ఉంటుంది. 'డియర్ సర్' అని మొదలుపెడితే 'యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ', పేరు పెట్టి మొదలుపెడితే 'యువర్స్ సిన్సియర్లీ'. వాడు నిద్రలో లేపినా చెప్పేవాడు.

చిక్కంతా ఇన్‌ఫార్మల్‌తోనే.

"హౌ ఆర్ యూ, ఐ యామ్ ఫైన్ అని రాసి ఆపేశారేం?" అంది ఆమె, పేపరు చూసి.

"అయిపోయిందండీ."

"స్నేహితుడికి ఇంకేం చెప్పాలనిపించదా?"

"అనిపిస్తే ఫోన్ చేస్తానండీ."

"ఫోన్ లేదనుకోండి."

"వాడు మా పక్కింట్లోనే ఉంటాడండీ. గోడ మీంచి కేకేస్తే పలుకుతాడు."

ఈసారి ఆమె పెదవి చివర కొంచెం కదిలింది. వాడు దాన్ని పండగలా దాచుకున్నాడు. కానీ వాడు ఇంకోటి కూడా గమనించాడు. ఫార్మల్ లెటర్లు చెప్పేటప్పుడు గలగలా చెప్పే మనిషి, 'మై డియర్ ఫ్రెండ్' దగ్గరికి వచ్చేసరికి గొంతు చచ్చిపోయి, కిటికీ వైపు చూస్తూ అప్పజెప్పినట్టు చదివేస్తుంది. ఎందుకో అడిగే చనువు వాడికి లేదు.

"ఎవరికి చెప్పకుండా ఉండలేరో వాళ్ళని తలుచుకుని రాయండి," అంది ఒకరోజు పేపర్లు సర్దుకుంటూ. "మాటలు అవే వస్తాయి."

కొంప మునిగింది ఇక్కడే. ఇంటికెళ్ళి తలుచుకున్నాడు. ఎవరు గుర్తొచ్చారో వేరే చెప్పాలా?

రాద్దామని కూర్చున్నాడు. పెన్ను ఆగింది. ఇన్‌ఫార్మల్ లెటరు ఎవరికి రాయాలి? అయినవాళ్ళకి, స్నేహితులకి. ఆమె తనకి ఏమవుతుంది? ఏమీ కాదు. పరిచయం అంతంతమాత్రమైన వాళ్ళకి, గౌరవించాల్సిన వాళ్ళకి ఫార్మలే రాయాలని ఆమే చెప్పింది. చెప్పినమాట తు.చ. తప్పకుండా వినే స్టూడెంటు గనక మనవాడు ఫార్మల్ లెటరే రాశాడు. వాడి ఇంగ్లీషుని తెలుగులోకి దించితే ఇలా ఉంటుంది:

'గౌరవనీయులైన మేడమ్ గారికి. సబ్జెక్టు: తమరిని వివాహం చేసుకొనుటకు అనుమతి కోరుట గురించి. పై విషయమై తమకు మనవి చేసుకొనునది ఏమనగా, తమరు సెలవు పెట్టిన రోజుల్లో నాకు తిండి సహించుట లేదు. పనిలో శ్రద్ధ తగ్గినది. కావున తమరు దయతో పరిశీలించి, వీలైనంత త్వరగా తగు చర్య తీసుకోవలసిందిగా ప్రార్థన. జతపరచినవి: ఏమీ లేవు.'

ఒక్క తప్పు లేదు. హోంవర్కుల కట్టలో మధ్యలో దూర్చి, గుండె అరచేతిలో పెట్టుకుని ఇంటికి పోయాడు.

మర్నాడు ఆమె క్లాసుకి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మాస్టారే వచ్చి రెండు క్లాసులూ చెప్పాడు. అందరి పేపర్లూ ఇచ్చాడు గానీ, వాడిది ఇవ్వలేదు. వాడివైపు చూడనూ లేదు.

"ఏరా, ఆవుదం తాగినట్టు ఆ మొహమేంటి?" అంది అక్క.

"ఏం లేదే."

"ఏం లేనివాడివి కంచం ముందు పెట్టుకుని గోడతో మాట్లాడుతున్నావేం?"

"ఊరుకోవే," అన్నాడు బావ. "బామ్మర్దికి టెస్టు భయం."

టెస్టు భయమే అయితే ఎంత బాగుండేది!

ఆమె మళ్ళీ వచ్చిన రోజు వాన కురుస్తోంది. క్లాసయ్యాక అందరూ గొడుగులు విప్పుకుని దిగిపోయారు. వాడు మెట్ల మలుపులో నిలబడ్డాడు. ఆమె దిగి వచ్చి మడత పెట్టిన కాగితం చేతికిచ్చింది.

"మార్కులు వెయ్యలేదు. ఏమీ అనుకోకండి."

"మేడమ్, నేను..."

"వెటకారం చెయ్యడానికి నేనే దొరికానా అండీ?"

వాడు చేతిలో కాగితం వంక చూసుకున్నాడు. వెటకారమా!

"కిందటేడు నా పెళ్ళి కుదిరింది," అంది ఆమె. గొంతు అరువు తెచ్చుకున్నదిలా ఉంది. "ఇంకో వారంలో పెళ్ళనగా అతని దగ్గర్నుంచి లెటరొచ్చింది. టైపు చేయించి, సబ్జెక్టు పెట్టి. 'సంబంధం రద్దు గురించి' అని. కింద యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ. అంతకుముందు దాకా రోజుకి నాలుగుసార్లు ఫోన్ చేసిన మనిషండీ అతను."

"అయ్యో..."

"మా నాన్న ఏం చేశారో తెలుసా? అరవలేదు. వాళ్ళింటికెళ్ళి కాలర్ పట్టుకోలేదు. టేబుల్ ముందు కూర్చుని జవాబు డ్రాఫ్ట్ చేశారు. 'మీ లెటరు అందినది. అందులోని విషయం గమనించడమైనది' అని. గమనించడమైనదట! వాళ్ళిద్దరూ ఒకరికొకరు చక్కగా రాసుకున్నారు. వాళ్ళ మధ్య నేను లెటరు అడుగున 'కాపీ టు' లాగా మిగిలిపోయాను."

వాడు చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. అది వెటకారం కాదని, తనకి చేతనైంది అదొక్కటేనని, ప్రతి అక్షరం నిజమని. ఒక్కటీ పెగల్లేదు. మాట రావలసిన చోట రాకపోతే ఎంత నరకమో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది.

"మీరు తెలివైనవారు. టెస్టు పాసవుతారు. ఇంక క్లాసుకి రానక్కర్లేదు," అనేసి ఆమె వెనక్కి తిరిగింది.

తిరిగి ఆగిపోయింది. పై మెట్టు మీద మాస్టారు నిలబడి ఉన్నాడు. చేతిలో తాళాలగుత్తి. అంతా విన్నాడని మొహమే చెప్తోంది. వాడు గొడుగు అక్కడే మర్చిపోయి తడుస్తూ వెళ్ళిపోయాడు.

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో చెప్పడానికి ఏమీ లేదు. పొద్దున్నే పనికి పోయేవాడు. లిఫ్టు అడుగున గోతిలోకి దిగి, గ్రీజు చేతులతో అక్కడే కూలబడిపోయేవాడు. పైన జనం ఎక్కుతుంటారు, దిగుతుంటారు, నవ్వుకుంటుంటారు. వాడికి అవేవీ పట్టవు. ఆమెని నవ్విద్దామని బయల్దేరి, ఆరని పుండుని గోటితో గీరి వచ్చాడు. క్షమించమని అడగడానికి కూడా మొహం లేదు. లెటరు రాద్దామా అంటే, లెటరనే మాట వింటేనే ఒళ్ళు కంపరమెత్తుతోంది.

టెస్టు రోజు వచ్చింది. ఫార్మల్ లెటరు పావుగంటలో రాసి పక్కన పెట్టాడు. రెండోది, స్నేహితుడికి సెలవుల గురించి. తెల్ల కాగితం వైపు చూస్తూ కూర్చున్నాడు. బెల్లు కొట్టారు. తెల్ల కాగితమే ఇచ్చి వచ్చాడు.

రిజల్టు గురించి అడగక్కర్లేదు. అక్క తిట్టింది, తర్వాత ఏడ్చింది. బావ అన్నం సగంలో వదిలేసి లేచిపోయాడు. అదే ఎక్కువ బాధ పెట్టింది.

ఒక ఆదివారం తలుపు చప్పుడైంది. అక్క తీసింది. గుమ్మంలో మాస్టారు. ఇస్త్రీ చొక్కా, మోకాళ్ళ దాకా బురద.

"మీ తమ్ముడితో మాట్లాడాలమ్మా."

వాడు మడతమంచం మీంచి ఒక్క ఉదుటున లేచాడు. మాస్టారు కూర్చోకుండానే మొదలుపెట్టాడు.

"బాబూ, నీకు రాద్దామని కూర్చున్నాను. అడ్రసు రాశాను, తేదీ రాశాను. ఆ తర్వాత నా వల్ల కాలేదు. అందుకని వచ్చేశాను."

"చెప్పండి మాస్టారూ."

"మా అమ్మాయి ఆ రోజు మెట్ల మీద నీతో అన్న మాటలు నాతో ఎప్పుడూ అనలేదయ్యా. నేను అననివ్వలేదు. ఆ లెటరు వచ్చినప్పుడు నా చేతులు వణికాయి. వణుకుతున్నాయని దానికి తెలియకూడదని పెన్ను పట్టుకున్నాను. దాన్ని దగ్గరికి తీసుకుని ఏడవాల్సింది. ఏడవలేదు." ఆయన కళ్ళజోడు తీశాడు. "మొన్న ఏడ్చాను. ఇద్దరం ఏడ్చాం. నీ పుణ్యమే."

"నావల్ల ఆమెకి..."

"నువ్వు వెటకారం చెయ్యలేదని నాకు తెలుసు. ఇలాంటి లెటర్ల మధ్యే ముసలివాణ్ణయ్యాను. ఏది బొంకో, ఏది నిజమో ఆ మాత్రం పోల్చుకోగలను. దానికీ చెప్పాను. నాకు అభ్యంతరం లేదు బాబూ. కానీ నా ఇష్టంతో పనేముంది? కింద నిలబడింది. పైకి రానంది. వెళ్తావో లేదో నీ ఇష్టం."

చెప్పుల్లేకుండానే పరుగెత్తాడు.

ఆమె గేటు దగ్గర, తడిసిన గోడకి ఆనుకుని ఉంది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. ఇద్దరూ ఒకరి కాళ్ళ వంక ఒకరు చూసుకున్నారు.

"టెస్టు పోయిందట."

"ఊ."

"నా మూలానేనా?"

"కాదండీ. మీరే గుర్తొచ్చారు. ఆ గుర్తొచ్చినదంతా పేపర్లు దిద్దేవాడి చేతిలో ఎలా పెట్టనండీ?"

ఆమె తలెత్తలేదు. "నేను ఒక్కటి అడుగుతాను. మీరు ఆ రోజు రాసినదాన్ని ఇప్పుడు నోటితో చెప్పగలరా?"

వాడు గేటు ఊచ పట్టుకున్నాడు. నోరు తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు.

"మీరంటే ఇష్టమండీ. చాలా. మీరు కనపడకపోతే పిచ్చెక్కుతోంది. ఇంతకంటే నాకు రాదు. మీరు వద్దంటే పోతాను. పోయి ఏం చేస్తానో మాత్రం తెలీదు."

ఆమె ఏడ్చింది. ఆపుకోవాలని చూడలేదు. వాడు ఏం చెయ్యాలో తెలీక, జేబులోంచి గ్రీజు మరకల రుమాలు తీసి, సిగ్గుపడి మళ్ళీ లోపల పెట్టుకున్నాడు.

"నేను ఇప్పుడు సరే అనలేను," అంది ముక్కు ఎగబీలుస్తూ. "ఎవరినైనా నమ్మాలంటే ఒళ్ళంతా భయమేస్తోంది. ఈ భయం ఎప్పటికి పోతుందో తెలీదు. అసలు పోతుందో లేదో కూడా తెలీదు. మీ వయసంతా నాకోసం పాడుచేసుకోకండి."

"పోకపోతే పోకపోనీండి. నేనెక్కడికీ పోను."

"ఊరికే అనకండి."

"ఊరికే అనడం లేదండీ. నాకు ఆశేమీ లేదు. ఇన్నాళ్ళూ లేకుండానే ఉన్నాను. అయినా మీరే కావాలి."

ఆమె చున్నీ చెంగుతో మొహం తుడుచుకుంది. పైన గుమ్మంలోంచి అక్క, బావ, మాస్టారు ముగ్గురూ తొంగి చూసి చటుక్కున లోపలికి తప్పుకున్నారు.

"రేపు సాయంత్రం రండి," అంది. "క్లాసుకి కాదు. ఇంటికి. నాన్నా నేనూ ఇప్పుడిప్పుడే మాట్లాడుకోవడం మొదలుపెట్టాం. ఇద్దరికీ సరిగ్గా చేతకావడం లేదు. మధ్యలో ఆగిపోతున్నాం. మీరు పక్కన ఉంటే బాగుంటుంది."

"నాకూ చేతకాదండీ."

"తెలుసు," అంది ఆమె. "అందుకే రమ్మంటున్నాను."