చేతులు కడగని సిస్టర్

మా తమ్ముడు సంజీవ్ డెంగీతో ఐసీయూల పడ్డంక, వాణ్ని చూడనీకి సాయంత్రం కొద్దిసేపే వదులుతుండిరి. మా యూనివర్సిటీ దాటంగనే తార్నాకల ఉన్న దవాఖాన అది. అప్పుడే మా స్టాటిస్టిక్స్ డిపార్ట్‌మెంట్ల నరహరి సార్‌కు అదే ఐసీయూల సేవ ఎట్లున్నదో కొలిచే ప్రాజెక్టు వచ్చింది. రోగిని ముట్టుకునే ముందు అక్కడోళ్లు చేతులు కడుగుతున్నరా లేదా, ఓ మూలకు కూసొని చూడాలె. నేనే పోతనని ఎగబడ్డ. తమ్ముని ఎదురుంగ పగలంతా ఉండొచ్చు గద!

"ఒక్కటే రూల్ భాగ్యా," అన్నడు సార్. "ఏం చూసినా నోరు తెరవొద్దు. ఎవరో చూస్తున్నరని తెలిస్తే మనుషులు మారిపోతరు."

నాకసలే నోరాగది. అయినా సరేనన్న.

మధ్యాహ్నం. బయట మెట్టుగూడ దిక్కు పోయే బస్సుల హారన్లు. లోపల ఏసీ చలి, స్పిరిట్ వాసన, మిషన్ల టిక్‌టిక్. డ్యూటీల ఉన్న స్వరూప సిస్టర్ చేతులు కడిగింది, సూదేసింది, మళ్ల కడిగింది. మంచిగ చేస్తున్నదనుకున్న.

అంతలనే ఇంకో సిస్టర్ వచ్చింది. సన్నగున్నది, తెల్లచీర కట్టింది. ఈ కాలంల ఏ నర్సు చీర కడుతున్నదమ్మా! చేతులు కడిగే నల్లా దిక్కు కూడ చూడలేదు. సీదా చివరి మంచం మీది తాత నుదుటిమీద అరచెయ్యి పెట్టింది, జ్వరం చూసినట్టు. నాకు ఒళ్లు మండింది.

కొంచెంసేపటికి ఆ తాత మిషన్ కుయ్యోమన్నది. డాక్టర్లు ఉరికొచ్చిన్రు. ఛాతీ నొక్కిన్రు. లాభం లేకపాయె. తెర లాగిన్రు.

ఆమె పక్క మంచం కాడికి నడిచింది. అదే చెయ్యి... మళ్ల మిషన్ మోత.

అంతమంది అటూఇటూ ఉరుకుతున్నరు. ఆమెకు దారియ్యనీకి ఎవ్వరూ పక్కకు జరగలేదు. ఆమె కూడ జరగలేదు...

లేచి నిలబడ్డ. తర్వాతి మంచం సంజీవ్‌ది.

ఆమె వంగింది. చెయ్యి లేపింది... ఇంక సారూ లేడు, రూలూ లేదు.

"ఏయ్! మా తమ్ముణ్ణి ముట్టకు!"

చెయ్యి గాల్లనే ఆగింది. ఆమె మెల్లగ నా దిక్కు తిరిగింది. ఎన్నేండ్లకో ఎవరో పలకరించినట్టు... నవ్వింది.

"ఎవరి మీద అరుస్తున్నవమ్మా?" స్వరూప సిస్టర్ నా భుజం పట్టుకున్నది. "గాడ ఎవరున్నరు?"

మళ్ల చూసిన. ఎవ్వరూ లేరు.

సంజీవ్ బతికిండు. సాయంత్రానికి కండ్లు తెరిచిండు. వాని చెయ్యి పట్టుకొని వెక్కివెక్కి ఏడ్చిన. వాడు గుసగుసగ అన్నడు:

"అక్కా... తెల్లచీర సిస్టర్ నీ దోస్తా? ఇంట్ల ఎవరున్నరని అడిగింది. అమ్మ ఒక్కతే ఉన్నదని చెప్పిన."

వారాసిగూడకు, ఇంటికి ఫోన్ కొట్టిన. ఎత్తవే అమ్మా... ఎత్తు...

ఎత్తింది.

"మెల్లగ మాట్లాడు బిడ్డా," అమ్మ గొంతు నిద్ర వస్తున్నట్టున్నది. "నువు పంపిన సిస్టర్ గీడనే ఉన్నది. తల నొస్తున్నదంటే నుదుటిమీద చెయ్యి పెట్టింది. ఎంత సల్లగున్నదో..."