నల్ల ఇసుక అంటిన ప్రాణి

"మా నాన్న మాత్రలు మేడం. ఇవి లేకుండా ఆయన బయట బతకరు," అంటూ డోరా ఒక మందు సీసాను బల్ల మీద పెట్టింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

బోయిగూడలో కుట్టుమిషన్ల షాపు పైన ఉంటుంది డిటెక్టివ్ ప్రిసిల్లా ఆఫీసు. ఒకప్పుడు ఆమె కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేది. అసిస్టెంటు బాబ్జీది అనకాపల్లి. మేడం దేన్నైనా రెండోసారి చూసిందంటే అందులో ఏదో ఉంటుందని అతని నమ్మకం.

డోరా తండ్రి హెన్రీ రిటైరైన టీచరు. మతిమరుపు ముదిరింది, ఫిట్స్ కూడా ఉన్నాయి. అల్వాల్‌లో కొడుకు ఆర్థర్ దగ్గర ఉంటున్నాడు. బుధవారం సాయంత్రం గేటు తీసుకుని వెళ్ళిపోయాడని ఆర్థర్ ఫోన్ చేశాడు. ఇప్పుడు శనివారం.

"ఎవరి మీదైనా అనుమానం ఉందా?" అని ప్రిసిల్లా అడిగింది.

"మా వదిన మీద. నాన్నంటే ఆమెకు పడదు."

గంటలో ముగ్గురూ అల్వాల్ చేరారు. తలుపు తీసిన ఆర్థర్ భార్య గ్రేసీ, ఆడపడుచు మొహం చూడగానే తనే మొదలుపెట్టింది.

"వందనాలు మేడం. నా మీదనే చెప్పి ఉంటది, నాకు తెల్సు. మా అమ్మకు కంటి ఆపరేషనని ఆదివారం సాయంత్రం మౌలాలి పోయిన. బుధవారం రాత్రి ఈయన ఫోన్ చేస్తే ఉరికొచ్చిన. ముసలాయనతోని తక్లీఫ్ ఉండె, కాదనను. స్నానం చేపిస్తుంటే కొట్టేటోడు. అన్నం సుత నేనే పెట్టిన గదా."

ఆర్థర్ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "చెరువులన్నీ వెతికాను మేడం. ఈ వారమంతా లీవు పెట్టి నాన్న దగ్గరే ఉన్నాను. అల్వాల్ దాటలేదు."

హాల్లో పెద్ద గాజు తొట్టి ఉంది. ఉప్పునీళ్ళు, అడుగున తెల్లటి ఇసుక, నారింజ చారల చేపలు. మధ్య రాయి మీద ముదురాకుపచ్చ ప్రాణి ఒకటి పొట్టి వేళ్ళలాంటివి చాపుకుని ఉంది. దాని ఒంటి నిండా గవ్వముక్కలు, నల్లటి ఇసుక రేణువులు. ప్రిసిల్లా పక్కనున్న పుల్లతో తాకింది. అది ముడుచుకుపోయింది.

"ఇదేంటండి, గవ్వల మూటలా ఉంది?" అన్నాడు బాబ్జీ.

"అనిమోన్, పువ్వులా విచ్చుకునే సముద్రప్రాణి. ఇక్కడి షాపుల్లో ఇలాంటిది చూడలేదు."

"షాపులోదే మేడం," అన్నాడు ఆర్థర్. "ఏడాదై ఉంటుంది."

"ఆ తొట్టి దిక్కు నేను చూడను," అంది గ్రేసీ. "దానికున్న సేవ ఈ ఇంట్ల మనుషులకు లేదు."

ప్రిసిల్లా డోరా వైపు తిరిగింది. "నాన్నగారి ఫోటో, అన్నిటికంటే కొత్తది?"

పోయిన ఆదివారం చర్చి నుంచి వచ్చాక దిగింది ఫోన్లో ఉంది. హెన్రీ ఈ తొట్టి ముందే కూర్చున్నాడు. ప్రిసిల్లా ఆయన భుజం వెనక కనిపిస్తున్న తొట్టిని పెద్దది చేసి చూసింది. మళ్ళీ తొట్టి దగ్గరికి వెళ్ళింది. బాబ్జీ ఊపిరి బిగబట్టాడు.

"అందరూ కూర్చోండి," అంది ఆమె.

"షాపుల్లో అమ్మే అనిమోన్లు ఎప్పుడూ నీటిలోనే ఉండే రకాలు. ఇది ఆటుపోట్ల రాళ్ళకు అంటుకుని బతికే రకం. నీళ్ళు వెనక్కి వెళితే ఎండిపోకుండా, ఒంటి మీది బుడిపెలకు గవ్వముక్కలూ ఇసుకా అంటించుకుంటుంది. ఏడాదిగా ఇక్కడే ఉంటే తెల్ల ఇసుక అంటించుకునేది. దీనికి అంటింది నల్ల ఇసుక. ఆదివారం ఫోటోలో ఈ రాయి మీద ఏమీ లేదు."

ఆమె ఆర్థర్ వైపు తిరిగింది.

"మన తీరంలో ఎక్కువ చోట్ల ఉత్త ఇసుకే. రాళ్ళూ నల్ల ఇసుకా కలిసి, ఒక రాత్రి రైలు ప్రయాణంలో ఉన్నది విశాఖ వైపు. గ్రేసీ ఇంట్లో లేని రోజుల్లో మీరు అక్కడికి వెళ్ళారు ఆర్థర్. నాన్నగారిని ఒక్కరినే ఇంట్లో వదిలి వెళ్ళలేరు. ఇద్దరూ వెళ్ళారు. మీరొక్కరే వచ్చారు."

ఆర్థర్ నేలకేసి చూశాడు. "భీమిలి," అన్నాడు. "సముద్రం చూపించమని రోజూ ఏడ్చేవారు. ఒడ్డున కూర్చోబెట్టాను. వదిలేద్దామని తీసుకెళ్ళలేదు. లేచాను, నడిచాను, అంతే. నువ్వు నెలకోసారి వచ్చి ఫోటో దిగి పోతావు డోరా. రాత్రులన్నీ నావి."

డోరా తొట్టి వైపు చెయ్యి చూపించింది. "మరి దీన్ని?"

"రాళ్ళ మధ్య కనిపించింది. డబ్బాలో పెట్టి తెచ్చాను. వేడెక్కకుండా తడిగుడ్డ చుట్టి, నీళ్ళు కదుపుతూ, రాత్రంతా రైల్లో మేలుకునే ఉన్నాను."

"గంత మంచిగ తెచ్చినవా," అంది గ్రేసీ నెమ్మదిగా.

బాబ్జీ అప్పటికే భీమిలి పోలీస్ స్టేషన్‌కు ఫోన్ కలిపి, అందరికీ వినపడేలా పెట్టాడు. ఆనవాళ్ళు చెప్పాడు.

"ఉన్నారండి," అంది అవతలి గొంతు. "బుధవారం పొద్దున్న జాలరోళ్ళు రాళ్ళ కాడినుంచి మోసుకొచ్చారు. మూర్ఛొచ్చి పడిపోనారు. బతికే ఉన్నారు గానీ, ఆస్పత్రిలో మందెక్కించనివ్వట్లేదండి. సూది పీకేసి లేచిపోతన్నారు."

"ఎక్కడికి?" అంది డోరా.

"సముద్రం కాడికేనమ్మా. వాళ్ళబ్బాయి రాళ్ళ మీద నడుస్తన్నాడంట. జారి పడిపోతాడు, నన్ను వదలండి, పట్టుకోవాల అంటన్నారు."