కవరు మీద పాప

తన మొహాన్ని తన చేతులతోనే చెరిపేయవలసిన పని ఏ ఆడదానికైనా వస్తుందా? షర్మిళకు వచ్చింది. ఆ ఉదయం కూతురికి జడలు వేస్తుండగా ఫోన్ మోగింది. ఆమె తయారుచేసిన కవర్ల బొమ్మలను సేలంలో అచ్చు వేయించి ఇచ్చే ఏజెంటు కుప్పన్ ఒక ఫోటో పంపి, ఇందులో పాప బొమ్మ తీసేసి ఇంకేదైనా వెయ్యమన్నాడు. కవర్లు వేయించుకునే పార్టీ తొందరపడుతోందన్నాడు. పసుపుపచ్చ సాంబారుపొడి కవరు, నడుమ గుండ్రంలో రెండు జడలకు ఎర్ర రిబ్బన్లు కట్టుకుని, ముందు పన్ను ఊడిన నోటితో నవ్వుతున్న చిన్నపాప... ఆ పాప షర్మిళే! ఆ పార్టీ ఆమెను కన్న తండ్రి బాలసుబ్రమణ్యమే! దువ్వెన ఆమె చేతిలోనే ఉండిపోయింది.

ధర్మపురిలో ఆ పొడికి కవరు మీద వేరే పేరున్నా, కొనేవాళ్లందరూ "పాప పొడి" అనే అడుగుతారు. కూతుర్ని స్టూడియోకు తీసుకువెళ్లి ఆ ఫోటో తీయించింది ఆయనే. పన్ను కనిపించకుండా నోరు మూసుకోమ్మా అని ఫోటో తీసేవాడంటే, నవ్వనీ, నా బిడ్డ నవ్వితేనే నా సరుకు అమ్ముడుపోతుందన్నాడట. అంత మురిపెంగా పెంచుకున్న బిడ్డ, ఆవులు పెట్టుకుని పాల వ్యాపారం చేసే మునిరాజ్‌ని, తమ కులం కానివాణ్ణి, పెళ్లి చేసుకున్న రోజున మాత్రం నా కూతురు చచ్చిపోయిందన్నాడు. ఎనిమిదేళ్లుగా ఆ మాట మీదే ఉన్నాడు. కవరు మీది బొమ్మను మాత్రం మార్చలేదు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకుంటారని వింటాం కదా, ఈయన చెట్టును నరికేసి మరీ అమ్ముకున్నాడు! అయినా షర్మిళకు ఆ బొమ్మే ఒక ఆశ. తను గడప తొక్కలేని ఇంట్లో తన నవ్వు ఇంకా మిగిలి ఉంది కదా అనుకునేది. తనను గుర్తుపట్టని అంగడికి పోయి ఆ పొడే కొని తెచ్చి వండుకునేది.

తండ్రి అంగట్లో ఉండే వేళ చూసి తల్లి అలమేలుకు ఫోన్ చేసింది. తమ్ముడు యువనేశ్‌కు హరూర్ సంబంధం కుదురుతోందని చెప్పి, ఆ తల్లి కాసేపు ఏడ్చింది.

"వాళ్లు ఒక్కటే అడిగినారు షర్మీ. కులం దాటి పోయిన పిల్ల మొహం పెట్టుకుని ఎట్ల వ్యాపారం చేస్తా ఉండారు, అది తీసేస్తేనే పిల్లనిస్తామని. మీ నాయన సరే అనేసినాడు..."

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. కొడుకు పెళ్లి చెడగొట్టలేదు, కూతురి మొహం నిలబెట్టలేదు, ఆ తల్లి ఎవరిని ఏమనగలదు?

మునిరాజ్‌కు కోపం వచ్చింది. ఈ పని నీకొద్దు, ఇంకెవరైనా చేసుకోనీ అన్నాడు.

"ఇంకొకరు చేస్తే చెడగొడతారు మామా," అంది షర్మిళ. "సంతకు వచ్చే ఆడోళ్లకు చదువు రాదు. పసుపు రంగు, గుండ్రం, ఎర్ర రిబ్బను, వీటిని చూసే మా పొడి అని తెలుసుకుంటారు. అన్నీ పోతే మా నాయన అంగడే పోతుంది."

బస్టాండు దగ్గర చిన్న గదిలో కంప్యూటరు పెట్టుకుని, చిన్న చిన్న వ్యాపారులకు బోర్డులూ కవర్లూ చేసి ఇస్తుంది షర్మిళ. బోర్డు చదివి వచ్చేవాళ్ల కంటే గుర్తుపట్టి వచ్చేవాళ్లే ఎక్కువ, జనం కంటికి అలవాటైనదాన్ని ఊరికే మార్చకండి అని వచ్చిన ప్రతివాళ్లకూ చెబుతుంది. ఈ పార్టీకీ అదే చెప్పాలి. మొహం తీయవద్దు, తీస్తే నష్టపోతారు... అది నిజం కూడా! కానీ ఎలా చెప్పడం? ఆ మొహం తనది. తను చెబితే అది సలహా అవుతుందా, నన్ను వదిలేయకండి అని కాళ్లు పట్టుకున్నట్లే కదా! కుప్పన్‌తో ఒక్కసారి అని చూసింది. పార్టీ వినేలా లేదన్నాడు.

గదిలో కూర్చుని జడలు చెరిపింది, కళ్లు చెరిపింది. పన్ను ఊడిన ఆ నవ్వు దగ్గర చెయ్యి ఆగిపోయింది. నవ్వనీ అన్న తండ్రి మాట చెవిలో వినిపించింది... కన్నీళ్లు దిగమింగుకుని దాన్నీ చెరిపేసింది. పసుపు రంగును, గుండ్రాన్ని అలాగే ఉంచి, పాప ఉన్న చోట ఎండుమిరపకాయల గుత్తి వేసి, దానికి ఎర్ర రిబ్బను ముడి కట్టింది. అది చేసింది ఎవరో తండ్రికి తెలియదు కదా అనుకుంది.

కొత్త కవర్లు బయటికి వచ్చాక షర్మిళ మనసు నిలవలేదు. ఏ పని చేసి ఇచ్చినా జనం ఎలా తీసుకుంటున్నారో చూసి రావడం ఆమెకు అలవాటు. తండ్రి కారిమంగళం సంతలో అంగడి పెట్టే రోజున బస్సెక్కి పోయి, పక్కనున్న పాత్రల అంగడి చాటున నిలబడింది. నాయన ఎంత చిక్కిపోయాడు! అందరూ కవరును తిప్పి చూసి, పాప యాడ అని అడుగుతున్నారు. కొత్త కవరు అని ఆయన చెబుతూనే ఉన్నాడు.

అంతలో మహేంద్రమంగళం ముసలావిడ చిన్నతాయి వచ్చింది. ఏళ్ల తరబడి వాడుక ఆమెది. కవరును కళ్ల దగ్గర పెట్టుకుని చూసింది, ఆయన మొహం చూసింది, బుట్ట కింద పెట్టేసింది.

"పాప పోయిందా శెట్టీ?" అని ఆయన రెండు చేతులూ పట్టుకుంది. "నాకొక మాట చెప్పలేదే. ఎంత నవ్వుమొహం బిడ్డ..."

చుట్టూ ఉన్న ఆడవాళ్లు ఒక్కొక్కరే దగ్గరికి వచ్చారు. ఒకావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బతికి ఉండగానే తన చావుకు పరామర్శ వింటోంది షర్మిళ! లేదని చెప్పు నాయనా... ఒక్కసారి చెప్పు... అని లోపలే మొక్కుకుంది. ఎనిమిదేళ్లు ఆ మాట తేలిగ్గా అన్న మనిషి, ఊళ్లోవాళ్లు దాన్ని నిజమని ఏడుస్తుంటే తట్టుకోలేకపోయాడు.

"లేదు అవ్వా. నా బిడ్డ బతికే ఉంది. బతికుండే బిడ్డను నేనే చంపుకున్నాను."

తలెత్తిన ఆయనకు పాత్రల అంగడి పక్కన నిలబడి ఏడుస్తున్న కూతురు కనిపించింది. ఆమే దగ్గరికి నడిచి వచ్చింది. ఎవరూ ఎవరినీ తాకలేదు.

"రిబ్బను చూసినప్పుడే తెలిసింది, నీ చెయ్యేనని," అన్నాడు. "పాత బొమ్మ నీ దగ్గిర ఉందా?"

"ఉంది నాయనా."

"దాన్నే వేసెయ్ తల్లీ."

షర్మిళ తల అడ్డంగా ఊపింది. "తమ్ముని పెళ్లి కానీ నాయనా. అంతవరకూ మిరపకాయలే ఉండనీ. పెళ్లికి నేను రాను, హరూర్ వాళ్లకేమీ చెప్పొద్దు."

ఆయన భుజం మీది తువ్వాలు తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అట్ల కాదు, నువ్వు రా అని అనలేదు. అనలేడని ఆమెకు తెలుసు.

హరూర్‌లో తమ్ముడి పెళ్లి జరిగిన రోజు షర్మిళ గదికి తాళం వేసి ఇంట్లోనే ఉండిపోయింది. ముహూర్తం వేళకు దేవుడి ముందు దీపం పెట్టి ఇన్ని అక్షింతలు వేసింది. మర్నాడు తలుపు తీస్తే ఎదురుగా అలమేలు! ఎనిమిదేళ్లలో ఎన్నడూ ఆ గడప తొక్కని తల్లి, చేతిలో పెళ్లి తాంబూలం సంచితో నిలబడి ఉంది. షర్మిళ సంచి తీసుకుని చూసింది. తమలపాకులు, టెంకాయ, వాటి కింద ఒక పసుపుపచ్చ కవరు. కవరు మీద జడలు, రిబ్బన్లు, పన్ను ఊడిన నవ్వు.

"పాత కవర్లు కాల్చేసినానని చెప్పినాడే మీ నాయన. అన్నీ అటక మీద దాచిపెట్టి ఉండాడు," అంది అలమేలు. "వాటిలో పొడి నింపి పెళ్లికి మూట కట్టి తెచ్చి, తాళి కట్టేదాకా విప్పనీలేదు. తరువాత వచ్చినోళ్లందరికీ ఆయనే తన చేత్తో ఇచ్చినాడు. ఇదేమి అని సంబంధమోళ్లు అడిగితే, నా పెద్దబిడ్డ, పెళ్లికి రాలేకపోయింది అన్నాడు."

షర్మిళ ఆ కవరును గుండెకు అదుముకుని గోడకు ఆనుకుపోయింది. లోపలి నుంచి పరుగెత్తుకుని వచ్చిన ఆమె కూతురు, బొమ్మ చూసి తనే అనుకుని మురిసిపోయింది. అలమేలు మనవరాలిని దగ్గరికి లాక్కుని, కాసేపటికి కళ్లు తుడుచుకుని, నాకు ఇంత అన్నం పెట్టవే అంది. షర్మిళ, పాప బొమ్మ చిరగకుండా కవరును పైన మాత్రం కత్తిరించి, ఆ పొడితోనే సాంబారు పెట్టింది. ఆ ఇంట్లో మొదటిసారిగా ఆమె తల్లి కూర్చుని తింది.