బాణం గుర్తు లేని రాయి

ఉత్తర అండమాన్ అడవిలో, ఒక వాగులో దొరికింది ఆ రాయి. సగం నలుపు, సగం ముదురాకుపచ్చ. నల్లది ఒకప్పటి సముద్రపు నేల, పచ్చది దాని కింద ఉండే భూమి లోపలి పొర, మాంటిల్ శిల. వాగు కొట్టుకొచ్చిన రాయిలో కాక, కొండలోనే ఆ రెండూ అతుక్కున్న చోటు కనబడితే సముద్రపు నేల ఎలా పుడుతుందో రాళ్లే చెబుతాయి. భూగర్భ శాస్త్రవేత్త కాదంబరి ఆ చోటు కోసమే సగం జీవితం కాళ్లరిగేలా తిరిగింది.

ఆమె, సహాయ పరిశోధకుడు పోలిరెడ్డి తీగలు నరుక్కుంటూ, జలగలు పీక్కుంటూ వాగు వెంట పైకి నడిచారు. వాగు ఒక గుహలోంచి వస్తోంది. లోపల టార్చి వెలుగులో గోడ మీద కనబడింది గీత: పైన నలుపు, కింద పచ్చ. కాదంబరికి కళ్లనీళ్లు ఆగలేదు.

రాయి ఊడగొట్టే ముందు దాని మీద పైదిక్కు చూపే బాణం గీయాలి. లేకపోతే కరిగిన శిల అందులో ఎటు పారిందో తేల్చలేరు. ఈ మాట మరిచిన విద్యార్థులను ఆమె ఎందరినో ఏడిపించింది. ఇప్పుడు మాత్రం నేరుగా సుత్తి ఎత్తింది. పైన వాన మొదలైందని, నీళ్లు ఎర్రబడ్డాయని, వెళ్దామని పోలిరెడ్డి అన్నాడు. ఇంకొక్క దెబ్బ అంది ఆమె.

రాయి ఊడి చేతిలో పడింది. అదే క్షణంలో వరద విరుచుకుపడింది. గోడ పెళ్లలు పెళ్లలుగా కూలింది, గీత మొత్తం బురదలో కలిసిపోయింది. పోలిరెడ్డి కాలు జారి ఒక బండ అంచు పట్టుకుని వేలాడాడు.

"మేడం, చెయ్యి ఇవ్వండి."

ఆమె రెండు చేతుల్లోనూ రాయి ఉంది. ముందు దాన్ని సంచిలో పెట్టింది. ఆ తర్వాతే చెయ్యి చాచింది. ఆలోగా వరద అతణ్ణి బండకేసి కొట్టింది.

ఎలాగో ఒకరినొకరు పట్టుకుని బయటపడ్డారు. అతని భుజం కీలు తప్పి చెయ్యి వేలాడుతోంది. అయినా అతను రాయి చూపించమన్నాడు. ఎడమచేత్తో అటూ ఇటూ తిప్పి చూశాడు.

"బాణం ఏది మేడం?"

కాదంబరి సిగ్గుతో చచ్చిపోయింది.

"నువ్వు చెయ్యి అడిగినప్పుడు నేను ముందు రాయి దాచుకున్నాను."

"తెలుసు మేడం. చూశాను."

ఆమె తన చున్నీతో అతని చెయ్యి మెడకు కట్టింది. బాణం లేని ఆ రాయిని వాగులో వదిలేసింది. రెండు సంచులూ తన భుజాన వేసుకుని, తీగలు నరుకుతూ ముందు నడిచింది. వెనక్కి తిరిగి అతని మొహం చూసే ధైర్యం మాత్రం దారి పొడవునా రాలేదు.