పైసా ఖర్చు లేని చట్టం

మంగళవారం. ఉదయం పదకొండు ముప్పై అయిదు.

మూడంతస్తుల భవనం. మొదటి అంతస్తు మెట్ల మలుపులో ఒక పెద్దావిడ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఆయాసం తీర్చుకుంటోందనుకుని ఇద్దరు పక్కనుంచే దిగిపోయారు. మూడో మనిషి, కింది వాటాలో ఉండే దర్జీ, ఆగి పలకరించాడు. ఆవిడ పలకలేదు.

ఇన్‌స్పెక్టర్ పదకొండు యాభై రెండుకు వచ్చాడు. వచ్చిన టైము నోట్‌బుక్‌లో రాసుకున్నాకే మెట్లెక్కాడు. స్టేషన్లో అతన్ని చాటుగా గడియారం సారు అంటారు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఏ కాగితమూ అతని టేబుల్ మీద ఒక్కరోజు ఆగలేదు. ఆ సంగతి అడిగినవాళ్లకీ, అడగనివాళ్లకీ అతనే చెప్పుకుంటాడు.

దెబ్బల్లేవు. గుండె ఆగిందన్నాడు డాక్టర్.

"ఎప్పుడు?"

"పదకొండుంపావుకీ పదకొండున్నరకీ మధ్య."

ఆవిడ ఒళ్లో ఒక గుడ్డసంచి ఉంది. ఇన్‌స్పెక్టర్ ఒక్కొక్కటీ తీసి చూశాడు. రెండు దుప్పట్లు. ఒక గ్లాసు. దువ్వెన. ఆడపిల్ల వేసుకునే పాత ఊలు స్వెటర్.

"చివరిసారి ఎప్పుడు చూశారు?" దర్జీని అడిగాడు.

"పదకొండూ పదికి సార్. గేటు దగ్గర. హెల్మెట్ పెట్టుకున్న మనిషికి చిన్న మూటేదో ఇచ్చింది. వాడు బండి దిగనైనా దిగలేదు."

"తర్వాత?"

"పరుగులాంటి నడకతో పైకెళ్లింది. ఈ వయసులో ఆ పరుగేంటమ్మా అన్నాను. వినిపించుకోలేదు."

మూడో అంతస్తులో ఆవిడ వాటా తెరిచే ఉంది. బీరువా తలుపు బార్లా తీసి ఉంది. నగల డబ్బా ఖాళీ.

హాల్లో పాతకాలపు టేబుల్ ఫోను. దానికి చిన్న తెర. వచ్చిన కాల్స్ మాత్రమే అందులో నిలుస్తాయి, చేసినవి నిలవవు. ఆ రోజు వచ్చింది ఒకే ఒక్క కాల్. పది నలభై రెండుకు.

ఫోను పక్కన ఒక చీటీల పుస్తకం. ఆవిడ టెలిఫోన్ ఎక్స్‌ఛేంజ్‌లో ముప్పై ఒక్క ఏళ్లు ఆపరేటరుగా చేసింది. రిటైరయ్యాక కూడా ప్రతి కాల్‌కీ చీటీ రాసే అలవాటు పోలేదు. పై చీటీలో ఇలా ఉంది: "10.42. చిన్నది. 4 నిమిషాలు." దాని కింద రెండు ఏటవాలు గీతలు, మధ్యలో చిన్న సున్న.

ఆ చేతిరాత ఎక్కడో చూసినట్టనిపించింది ఇన్‌స్పెక్టర్‌కి. గుర్తు రాలేదు.

పన్నెండు నలభైకి కొడుకొచ్చాడు. డ్రైవింగ్ స్కూల్లో పాఠాలు చెప్పే మనిషి. తల్లిని చూసి ఏడ్చాడు. చీటీ చూసి ఏడుపాపాడు.

"చిన్నదంటే మా చెల్లెలు సార్. ఎనిమిది నెలల నుంచి అమ్మతో మాటల్లేవు. ఇవాళ ఫోన్ చేసి నగలు ఎవడి చేతికో ఇప్పించుకుంది. ఆ కంగారుకే అమ్మ పోయింది."

"మాటలెందుకు లేవు?"

"మొగుణ్ని వదిలేసి వచ్చింది. సర్దుకుపోవే అంది అమ్మ. అంతే, గుమ్మం తొక్కలేదు."

"ఈ గీతలేమిటి?"

"పెన్ను రాస్తోందో లేదో చూసుకుని ఉంటుంది సార్."

ఒంటిగంటా అయిదుకు కూతురొచ్చింది. కళ్లద్దాల షాపులో అద్దాలు బిగించే పని ఆమెది. తల్లి కాళ్ల దగ్గర కూర్చుంది. కంట నీరు రాలేదు.

"పొద్దున అమ్మకి ఫోన్ చేశారా?"

"లేదు."

"ఈ తెరమీద మీ నంబరే ఉంది."

"నేను చెయ్యలేదు సార్."

"మీ ఫోనివ్వండి."

ఇచ్చింది. అతను చూశాడు. సోమవారం కాల్స్ ఉన్నాయి. మంగళవారంవి ఒక్కటీ లేవు. ఎవరో తుడిచేశారు.

"ఎందుకు తుడిచారు?"

ఆమె ఫోను వెనక్కి తీసుకుని తల్లి వైపు తిరిగింది.

"చూశారుగా సార్," అన్నాడు అన్న. "అరెస్ట్ చెయ్యండి. నా చెల్లెలని చూడకండి."

ఇన్‌స్పెక్టర్ అరెస్ట్ చెయ్యలేదు. సంచీలో దుప్పట్లు అతని మనసులోంచి పోవడం లేదు. నగలు గేటు దగ్గరే ఇచ్చేసిన మనిషి దుప్పట్లు పట్టుకుని ఎక్కడికి బయల్దేరింది?

బుధవారం ఉదయం పదకొండింటికి ఫోన్ కంపెనీ నుంచి కాగితాలొచ్చాయి. తల్లి లైనుకు పది నలభై రెండుకు కూతురి నంబరు నుంచి కాల్ వచ్చింది. కూతురి నంబరు నుంచి మాత్రం ఆ టైముకు ఏ కాల్ వెళ్లలేదు. ఎత్తి మాట్లాడిన కాల్సే తమ లెక్కలో ఉంటాయని కింద ఒక ముక్క రాశారు.

అంటే దొంగ నంబరు. ఎవరో ఎక్కణ్ణుంచో ఫోన్ చేసి, తెరమీద కూతురి నంబరు పడేలా చేశారు. అన్న ఒప్పుకోలేదు. "అదీ దానికోసం ఎవరో చేసిపెట్టి ఉంటారు," అన్నాడు. కాదనడానికి ఆధారం లేదు. అసలు కాల్ ఎక్కణ్ణుంచి వచ్చిందో తేలితే తప్ప ఆ పిల్ల మీద నింద పోదు.

హెడ్ ఆఫీసులో టెక్నికల్ వింగ్‌కి ఫోన్ చేశాడు.

"నంబరు మార్చి మోసం చేస్తే జైలని చట్టం వచ్చి మూడు నెలలైంది కదా. ఈ కాల్ మూలం పట్టివ్వండి."

"చట్టముంది సార్. పట్టే మిషను లేదు. మనిషీ లేడు."

"ఎందుకు లేడు?"

"చట్టంతో పాటు ఖర్చు అంచనా ఒకటి వెళ్తుంది కదా. అందులో సున్నా అని రాశారట. సున్నా రాస్తే సున్నాయే ఇస్తారు."

పేరు గొప్ప, ఊరు దిబ్బ. ఇన్‌స్పెక్టర్‌కి ఒళ్లు మండిపోయింది. జీపు తీయించాడు.

మధ్యాహ్నం మూడుంపావుకు అంచనాల శాఖలో ఉన్నాడు. ఏ కొత్త చట్టమైనా సభ ముందుకు వెళ్లేముందు, దానివల్ల సర్కారుకు ఎంత ఖర్చవుతుందో లెక్కగట్టే చోటది. అధికారిణి ఫైళ్ల మధ్య నుంచి తలెత్తింది.

"ఈ చట్టానికి ఖర్చు లేదని రాసిందెవరు?"

"నేనే. 'కొత్త భారమేమీ ఉండదు, ఉన్న సిబ్బందితోనే సరిపోతుంది' అని రాశాను."

"ఒక ప్రాణం పోయిందమ్మా. గదిలో కూర్చుని గీసిన మీ సున్నావల్ల."

ఆవిడ నొచ్చుకుంది. కానీ గొంతు పెంచలేదు.

"గదిలో కూర్చుని గీయలేదండీ. ఏడాదికి ఇలాంటి ఫిర్యాదులెన్ని వస్తాయో, ఎంతమంది కావాలో చెప్పమని నలభై ఒక్క స్టేషన్లకి రాశాను. జవాబులన్నీ ఉన్నాయి. చూస్తారా?"

ఫైలు తెరిచి అతని వైపు తిప్పింది.

నిల్. నిల్. నిల్. నలభై ఒక్క కాగితాలు, నలభై ఒక్క నిల్ రిపోర్టులు.

"అందరికంటే ముందు వచ్చింది అడుగున ఉంది," అంది. "అడిగిన రోజే, సాయంత్రం నాలుగు నలభైకి పంపారు. అంత చురుకైన ఆఫీసరుంటే ఎంత బాగుంటుందో అనుకున్నాను."

ఇన్‌స్పెక్టర్ అడుగు కాగితం తీశాడు. కింద తన సంతకమే ఉంది.

ఆ సాయంత్రం గుర్తొచ్చింది. అయిదులోపు జవాబు వెళ్లాలి. రిజిస్టర్ చూశాడు, అలాంటి కేసు ఒక్కటీ లేదు. నిల్ కొట్టాడు. తర్వాత పక్క స్టేషన్ల నుంచి ఒక్కొక్కరే ఫోన్ చేశారు. "ఏం రాశావన్నా?" "నిల్." "సరే, నేనూ అదే రాస్తా." గొర్రెదాటుగా నలభై ఒకటీ అలాగే దాటాయి.

"రిజిస్టర్లో లేదంటే జరగలేదనే కదండీ మాకు," అంది అధికారిణి మెల్లగా.

అతను కుర్చీలోంచి లేవడానికి కొంచెం టైము పట్టింది.

స్టేషన్‌కొచ్చి అడిగాడు. "రైటరూ, దొంగ నంబరు కాల్ గురించి ఎప్పుడైనా, ఎవరైనా వచ్చారా?"

స్టేషన్ రైటర్ తల గోక్కున్నాడు. "ఒకావిడొచ్చింది సార్, పది నెలల కింద. మీతోనే మాట్లాడింది. చీటీ కూడా ఇచ్చింది. మీరు సొరుగులో పడేశారు."

సొరుగు లాగాడు. క్లిప్పుల కింద, పాత క్యాలెండర్ కింద, ఆ చీటీ దొరికింది. అదే చేతిరాత. కింద అవే రెండు గీతలు, మధ్యలో సున్న.

అప్పుడు ఆవిడ మొహం కళ్లముందుకొచ్చింది. నీటుగా చీర కట్టుకుని, ఈ బల్ల ముందే నిలబడింది. కింది వాటా దర్జీ నంబరు నుంచి కాల్ వచ్చిందనీ, తిరిగి చేస్తే అతను తను చెయ్యలేదన్నాడనీ చెప్పింది.

"మాకు ట్రైనింగులో మొదటి పాఠం ఇదే బాబూ," అంది. "అనుమానమొస్తే తిరిగి రింగ్ చెయ్యాలి. చేశామనడానికి గుర్తు రెండు గీతలు. అవతలివాళ్లు ఎత్తితే మధ్యలో చుక్క, ఎత్తకుండా కట్ చేస్తే సున్న. దర్జీ మొదటిసారి కట్ చేశాడు, అందుకే సున్న వేశాను. ఇవాళ నా ఇంటికి వచ్చింది, రేపు ఇంకొకరికి వస్తుంది. రాసుకో బాబూ."

"నష్టమేం జరగలేదు కదమ్మా. జరిగినప్పుడు రండి," అన్నాడు తను.

ఇప్పుడు జరిగింది. ఆవిడ రాలేదు.

గురువారం ఉదయం పదింటికి, ఆవిడ హాల్లో, అన్నాచెల్లెళ్లిద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టాడు. రెండు చీటీలూ బల్లమీద పెట్టాడు.

"ఈ సంచి చూడండి. దుప్పట్లు, గ్లాసు, దువ్వెన, స్వెటర్. ఆసుపత్రిలో ఉన్న మనిషి కోసం సర్దిన సంచి ఇది. నగలడిగింది కూతురైతే, కూతురికి దుప్పట్లెందుకు సర్దుతుంది? తెరమీద నంబరు చూసి చిన్నది అని రాసుకుంది, మాట్లాడింది మాత్రం వేరెవరో. మీ అమ్మాయికి యాక్సిడెంటైంది, ఆమె ఫోన్ నుంచే చేస్తున్నాను, ఆపరేషన్‌కి డబ్బు కట్టాలి, మనిషిని పంపుతున్నాను అని ఉంటారు. ఎవరన్నది నేనింకా తేల్చలేదు."

"అమ్మ అంత తేలిగ్గా నమ్మదు సార్," అన్నాడు అన్న.

"నమ్మలేదు. ఈ గీతలు పెన్ను చూసుకున్నవి కావు. మీ చెల్లెలికి తిరిగి ఫోన్ చేసిందని గుర్తు. సున్న ఉందంటే..."

అతను ఆగిపోయాడు. మిగతాది చెప్పడానికి నోరు రాలేదు.

కూతురే చెప్పింది.

"పది నలభై ఏడు. చేతిలో ఎవరిదో అద్దం ఉంది. తెరమీద అమ్మ అని పడింది. ఎనిమిది నెలల తర్వాత. ఇప్పుడు గుర్తొచ్చానా అనుకున్నాను. కట్ చేశాను. అన్నయ్య ఫోన్ చేసి అమ్మ పోయిందన్నాక, ఆ కాల్‌ని చూడలేక ఆ రోజువన్నీ తుడిచేశాను. నేను ఎత్తుంటే అమ్మ బతికేది."

ఎత్తలేదు కాబట్టి ఆవిడ నమ్మింది. బిడ్డ ఫోన్ ఎత్తలేని స్థితిలో ఉందనుకుంది. నగలిచ్చేసి, స్వెటర్ కూడా పెట్టుకుని పరుగెత్తింది.

అన్న లేచి వెళ్లి చెల్లెలి పక్కన కూర్చున్నాడు. అప్పుడేడ్చింది ఆ పిల్ల, మూడు రోజుల ఏడుపూ ఒక్కసారిగా.

"అమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "తప్పంతా మీ నెత్తినే వేసుకోకండి. మీరొక కాల్ కట్ చేశారు. ఆవిడ అంతకు పది నెలల ముందే నా ఎదుటికొచ్చి చెప్పింది. నేను మనిషినే కట్ చేసి పంపేశాను. పైగా అలాంటిదేమీ లేదని సర్కారుకు రాసిచ్చాను. నా మాట నమ్మే వాళ్లు పైసా ఖర్చు లేని చట్టం చేశారు."

ఇద్దరూ తలెత్తి చూశారు. తిడతారనుకున్నాడు. తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది.

మధ్యాహ్నం పన్నెండూ పది. స్టేషన్లో కొత్త చట్టం కింద రిజిస్టర్ తెరిపించాడు. రైటర్ పెన్ను తీస్తే, తనే రాస్తానన్నాడు. మొదటి కేసు, పాత చీటీ. రెండో కేసు, కొత్త చీటీ. కింద అంచనాల శాఖకు ఒక ఉత్తరం: నా జవాబు తప్పు, దయచేసి మళ్లీ లెక్క వేయండి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమేనని అతనికి తెలుసు. అయినా పట్టుకున్నాడు.

మొదటి కేసులో ఒక గడి మిగిలింది. ఫిర్యాదు నమోదులో ఆలస్యం: పది నెలల నాలుగు రోజులు, అని రాశాడు.

పక్క గడి, ఆలస్యానికి కారణం.

రైటర్ భుజం మీదుగా వంగి చూస్తున్నాడు. గడియారం సారు ఆ గడిలో తన సంతకం పెట్టాడు.